సముద్రానికి సెలవులు

బడిపిల్లలకు వేసవి సెలవులు ఉంటాయి. ఆఫీసుల్లో పనిచేసే పెద్దవాళ్ళకు ఆదివారాలుంటాయి. సముద్రానికి కూడా సెలవులుంటాయంటే మీలో చాలామంది నమ్మకపోవచ్చు. కాని ఇది నిజం. మన తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, అంటే సరిగా 61 రోజులు, సముద్రానికి సెలవులు. జాలరులు చేపలు పట్టటాన్ని "వేట" అంటారు. ఆ 61 రోజులూ ఇంజనుతో నడిచే పడవ ఏదీ వేటకు పోరాదు. తెరచాపతోనూ, తెడ్లతోనూ నడిచే చిన్న తెప్పలకూ, నావలకూ మాత్రం ఈ నిషేధం లేదు. పడమటి తీరంలో ఈ సెలవులు జూన్ 1న మొదలై జూలై 31తో ముగుస్తాయి.

సెలవులంటే అందరికీ సంతోషమే కదా! కాని ఈ సెలవుల వెనక ఒక చిక్కు ప్రశ్న ఉన్నది. ఆ ప్రశ్న నాకు వేసినది మా వీధిలో చేపలమ్మే ఒకామె.

మా ఊరు విశాఖపట్నానికి దగ్గిర, సముద్రపు ఒడ్డున ఉన్నది. నా చిన్నతనంలో ఆమె రోజూ పొద్దున్నే తలమీద గంప పెట్టుకుని వచ్చేది. మా అమ్మ ఆమెను "వదినా" అని పిలిచేది కనక, మా పిల్లలందరికీ ఆమె "అత్త" అయింది. అత్త గంప దింపేసరికి మేమంతా చుట్టూ మూగేవాళ్ళం. పైన కప్పిన తడిగోనె తొలగించగానే చేపలు వెండిలాగా తళతళమని మెరిసేవి. వీపుమీద నల్లటి చారలుండే కానాగంతలు, పళ్ళెంలాగా పలచగా ఉండే చందువలు, కుప్పగా పోసిన కవ్వళ్ళు, ఎప్పుడన్నా మోచెయ్యంత పొడుగున్న వంజరం. మాకు ఎక్కాల కంటె ముందు చేపల పేర్లు వచ్చాయి.

అత్త మొగుడూ, కొడుకూ వేటకు పోయేవాళ్ళు. చేప ఒడ్డుకు చేరితే సగం పని మాత్రమే అయినట్టు. మిగిలిన సగం పని అత్తది. తెల్లవారకముందే రేవుకు పోయి వేలంపాటలో చేపలు కొనాలి. అవి ఎండకు పాడవకముందే ఊరంతా తిరిగి అమ్మాలి. మిగిలినవాటిని శుభ్రం చేసి, ఉప్పు పట్టించి, ఎండబెట్టి దాచాలి. ఇంత చేసినా ఊళ్ళోవాళ్ళు, "అతను వేట చేస్తాడు, ఆమె ఊరికే అమ్ముతుంది," అనేవాళ్ళు!

నేను పెద్దవుతున్న కొద్దీ అత్త గంప మారుతూ వచ్చింది. మొదట వంజరాలు అరుదయినాయి. తరవాత కానాగంతలు చిన్నవయినాయి. ఒకనాడు మా అమ్మ ఒక చేపను చేతిలోకి తీసుకుని, "ఇదేమిటి వదినా, చేప వేలెడంత లేదు!" అన్నది.

"ఏటి సేసేది వదినా! సంద్రంలో పెద్దలు అయిపోనారు. పిల్లలే మిగిలినారు," అన్నది అత్త నవ్వుతూ.

ఆమె వేళాకోళంగా అన్నమాటే అయినా అందులో శాస్త్రం ఉన్నది. పెద్ద టైగరు రొయ్య ఒకటి ఒక్కసారికే లక్షలకొద్దీ గుడ్లు పెడుతుంది. ఈ లెక్కన సముద్రమంతా రొయ్యలతో నిండిపోవాలి. కాని నిండదు. గుడ్లలో చాలా భాగాన్ని ఇతర ప్రాణులు తినేస్తాయి. పిల్లలు అయినవాటిలో ఎన్నో ఆహారం దొరక్క చచ్చిపోతాయి. మిగిలిన కొద్ది రొయ్యపిల్లలు నీటి పోటుతో కొట్టుకు వచ్చి, నదులు సముద్రంలో కలిసే చోట మడ అడవుల వేళ్ళ మధ్య తలదాచుకుని పెరుగుతాయి. గోదావరి సముద్రంలో కలిసే దగ్గిర ఉన్న కోరింగ మడ అడవులు అటువంటి పెంపుడిల్లు. అక్కడ కాస్త పెరిగాక అవి మళ్ళీ సముద్రంలోకి పోయి, పెద్దవై, గుడ్లు పెడతాయి.

అందుచేత ఏ చేప అయినా ఒక్కసారన్నా గుడ్లు పెట్టేదాకా బతకాలి. అంతకు ముందే దాన్ని పట్టేశామనుకోండి. రైతు వచ్చే ఏటికి దాచుకున్న విత్తనపు వడ్లు దంచి అన్నం వండుకున్నట్టే. ఆ పూటకు కడుపు నిండుతుంది. తొలకరి వచ్చేసరికి పొలంలో చల్లటానికి గింజ ఉండదు.

పూర్వం జాలరులు చేపలు పట్టలేదా, అప్పుడు ఎందుకు తరగలేదు అని మీరు అడగవచ్చు. పట్టారు. కాని తెప్ప మీద ఇద్దరు ముగ్గురు మనుషులు ఎంత దూరం పోగలరు? గాలి ఎదురైతే ఆ రోజుకు వేట లేదు. వాన వచ్చినా లేదు. ఆ విధంగా సముద్రానికి సెలవులు వాటంతట అవే వచ్చేవి.

తరవాత మరపడవలు వచ్చాయి. 1952లో మన దేశమూ, నార్వే దేశమూ ఒక ఒప్పందం చేసుకుని, కేరళలో కొల్లం దగ్గిర నీండకర అనే రేవులో జాలరులకు ఇంజను పడవలు పరిచయం చేశాయి. జాలరుల బతుకు బాగుపడాలనే ఆ పని మొదలుపెట్టారు. కాని విదేశాలలో రొయ్యలకు మంచి ధర పలకసాగింది. డబ్బున్నవాళ్ళు ఎంతోమంది మరపడవలు కొని ఈ వ్యాపారంలోకి దిగారు. వాళ్ళు వాడే వల పేరు ట్రాలు వల. అది పెద్ద సంచిలాగా ఉంటుంది. దాన్ని పడవ వెనక కట్టి సముద్రపు అడుగున ఈడ్చుకుంటూ పోతారు. రొయ్యలతోబాటు దారిలో ఉన్నవన్నీ, చిన్నవీ పెద్దవీ, ఆ సంచిలోకి చేరతాయి.

వలకు కన్నులుంటాయి కదా, చిన్న చేపలు ఆ కన్నుల్లోంచి జారిపోవా? ఇది తెలుసుకోవటానికి మీరు ఇంట్లోనే ఒక చిన్న ప్రయోగం చెయ్యవచ్చు. నాలుగు చీపురు పుల్లలను ఒకే పొడుగున విరిచి, నాలుగు మూలలా దారంతో వదులుగా కట్టండి. అది ఒక వల కన్ను అనుకోండి. ఎదురెదురు మూలలు రెంటిని పట్టుకుని లాగండి. కన్ను సాగి సాగి, చివరకు మూసుకుపోతుంది! మామూలు ట్రాలు వలను పడవ లాగినప్పుడు జరిగేది కూడా ఇదే. ఇప్పుడు మూలలు వదిలిపెట్టి, రెండు పుల్లలు పడవ పోయే వైపుకు, రెండు పుల్లలు అడ్డంగా ఉండేట్టు చతురంగా పెట్టి, అడ్డపుల్లలు రెంటినీ రెండు వైపులకూ తిన్నగా లాగండి. కన్ను మూసుకోదు. అందుకే మన శాస్త్రజ్ఞులు వల చివర సంచిలో చతురపు కన్నులు పెట్టమని జాలరులకు చెబుతున్నారు. కన్ను తెరుచుకుని ఉంటే చిన్న చేపకు బయటికి దారి ఉంటుంది.

కన్ను మూసుకుపోయిన వలలో పడిన చేపపిల్లలను ఎవరు తింటారు? చాలావాటిని మనుషులు తినరు. వాటిని ఎండబెట్టి పొడిచేసి కోళ్ళకూ, చెరువుల్లో పెంచే చేపలకూ, రొయ్యలకూ మేతగా వేస్తారు. పెరిగి పెద్దవై ఒక సంసారానికి అన్నం పెట్టగల చేపలు పిండిబస్తాలుగా మారుతాయి.

ఈ అన్యాయాన్ని కనిపెట్టినవారు కేరళలోని చిన్న పడవల జాలరులు. వాళ్ళకు చేప కళ్ళముందే తగ్గిపోతున్నది. మరపడవలు ఒడ్డుకు దగ్గిరగా వచ్చి వాళ్ళ వలలను చింపిపోతున్నాయి. వాళ్ళు సంఘాలుగా చేరి, ఊరేగింపులు చేశారు. చేపలమ్మే ఆడవాళ్ళు కూడా వాటిలో నడిచారు. జాలరుల మధ్యనే నివసించిన థామస్ కొచ్చేరి అనే క్రైస్తవ మతాచార్యుడు వాళ్ళ కోసం నిరాహారదీక్షలు చేశాడు. "చేపలు గుడ్లు పెట్టే వానాకాలంలో ట్రాలు వల ఆపండి," అన్నది వాళ్ళ కోరిక. చివరకు 1988లో కేరళ ప్రభుత్వం వానాకాలంలో ట్రాలు వలలను నిషేధించింది. ఈ పద్ధతి క్రమంగా తీరమంతటికీ వ్యాపించింది. అంతకు ముందు 47 రోజులుండిన నిషేధం 2015 నుంచి 61 రోజులయింది.

చూశారా! సముద్రానికి సెలవు ఇమ్మని అడిగినవారు సముద్రం మీద బతికేవాళ్ళే. చేప నశిస్తే మిగతావాళ్ళు కూరగాయలు తింటారు. జాలరి ఏం తింటాడు?

ఇక నేను ముందు చెప్పిన చిక్కు ప్రశ్నకు వస్తాను. నిషేధం 61 రోజులకు పెరిగిన తరవాత ఒక మే నెలలో నేను మా ఊరు వెళ్ళి, అక్కడినుంచి విశాఖపట్నం ఫిషింగు హార్బరు చూడబోయాను. మరపడవలన్నీ ఒకదానినొకటి ఆనుకుని వరసలుగా కట్టేసి ఉన్నాయి. కొన్నింటికి రంగులు వేస్తున్నారు. నీడపట్టున కూర్చుని కొందరు వలలు బాగుచేసుకుంటున్నారు. గోడవార ఎండు చేపల గంప ముందు పెట్టుకుని ఒక ముసలామె కూర్చుని ఉన్నది. దగ్గిరికి పోయి చూస్తే మా అత్తే! జుట్టు ముగ్గుబుట్ట అయిపోయింది, కాని నవ్వు అట్లాగే ఉన్నది. నన్ను గుర్తుపట్టి పక్కన కూర్చోబెట్టుకున్నది.

"సముద్రానికి ఈ సెలవులు మంచివేనా అత్తా?" అని అడిగాను.

"మంచివే నాయనా. గుడ్డుతో ఉన్న చేపని పట్టడం పాపం. సంద్రానికి సెలవియ్యాల్సిందే. మరి నా పొయ్యికి సెలవియ్యడానికి అవుద్దా?" అన్నది అత్త.

నేను ఏమీ అనలేకపోయాను. ఆమె మాట ఎంత నిజమో లెక్క వేసి చూస్తే తెలుస్తుంది. మరపడవ మీద పనిచేసేవాళ్ళకు చాలాచోట్ల నెలజీతం ఉండదు. పట్టిన చేపలు అమ్మిన డబ్బులోంచి ఆయిలు ఖర్చూ, ఐసు ఖర్చూ తీసేస్తారు. పడవకు వాటా, వలకు వాటా పోను మిగిలినది మనుషులు పంచుకుంటారు. పడవ కదలకపోతే వాటా లేదు. పడవ యజమాని దగ్గిర దాచిన డబ్బుండవచ్చు. రోజు కూలివాడి దగ్గిర ఏముంటుంది? అతను వడ్డీకి అప్పు తెస్తాడు. జూన్ 15న వేట మొదలయ్యేసరికి, పట్టని చేపల మీద అప్పు సిద్ధంగా ఉంటుంది. అప్పు తీర్చే తొందరలో చిన్న చేపను వదిలిపెట్టటానికి అతనికి మనసెట్లా ఒప్పుతుంది?

అందుకని ప్రభుత్వం ఈ రోజుల్లో జాలరుల కుటుంబాలకు కొంత డబ్బు ఇస్తుంది. ఆంధ్రప్రదేశ్‌లో ఈ సాయం 2019లో 4,000 రూపాయల నుంచి 10,000 అయింది. 2025లో 20,000 అయింది. ఇరవై వేలను 61 రోజులకు పంచి చూడండి. రోజుకు 328 రూపాయలు వస్తుంది. అయిదుగురున్న ఇంట్లో మనిషికి సుమారు 66 రూపాయలు. ఇది మేలే. కాని ఈ సాయం పడవ మీద వేటకు పోయేవారి కోసం పెట్టినది. వేట ఆగితే గంప కూడా ఆగిపోతుంది కదా! మగదిక్కు లేకుండా చేపలమ్ముకుని బతికే ఆడదానికి పడవ ఏది?

"పడవెక్కినోళ్ళని లెక్కెడతారు. గంపెత్తినోళ్ళని ఎవులు లెక్కెడతారు?" అని అడిగింది అత్త నన్ను.

ఆమె ప్రశ్నే తన ప్రశ్నగా చేసుకుని పనిచేసిన ఒకామె గురించి ఇక్కడ చెప్పాలి. ఆమె పేరు చంద్రికా శర్మ. మద్రాసులో, అంటే ఇప్పటి చెన్నైలో, చిన్న జాలరులకు అండగా ఉండే ఒక అంతర్జాతీయ సంస్థకు ఆమె కార్యదర్శిగా ఉండేది. చేపలు పట్టేవారితోబాటు, వాటిని అమ్మేవారినీ, ఎండబెట్టేవారినీ, వలలు అల్లేవారినీ కూడా జాలరులుగానే లెక్కించాలని ఆమె దేశదేశాల సభలలో వాదించింది. చిన్న జాలరుల హక్కుల గురించి ప్రపంచ దేశాలన్నీ ఒప్పుకునే ఒక పత్రం తయారు చెయ్యటానికి ఆమె ఎంతో శ్రమపడింది. 2014 మార్చిలో ఆమె ఒక సమావేశం కోసం మంగోలియాకు బయలుదేరింది. ఆమె ఎక్కిన మలేషియా విమానం దారిలో మాయమై పోయింది. అందులోని 239 మందిలో ఒక్కరూ తిరిగి రాలేదు. అదే సంవత్సరం జూన్‌లో ఐక్యరాజ్య సమితికి చెందిన ఆహార వ్యవసాయ సంస్థ సభలో దేశాలన్నీ ఆ పత్రాన్ని ఆమోదించి, దానిని ఆమె జ్ఞాపకానికి అంకితం చేశాయి. తరవాత 2023లో అదే సంస్థ లెక్కలు తీసి, ప్రపంచంలో పట్టే చేపలలో కనీసం నూటికి 40 వంతులు చిన్న జాలరులు పట్టినవేననీ, ఆ పనుల్లో ఉన్న ప్రతి పదిమందిలో నలుగురు ఆడవాళ్ళనీ చెప్పింది. గంపెత్తినవాళ్ళు ఆ విధంగా లెక్కలోకి వచ్చారు.

నియమమూ, న్యాయమూ ఒకచోట కలిస్తే ఏమవుతుందో చెప్పే కథ కూడా కేరళలోనే ఉన్నది. కొల్లం పట్టణాన్ని ఆనుకుని అష్టముడి అనే పెద్ద ఉప్పునీటి సరస్సు ఉన్నది. దాని అడుగున ఆల్చిప్ప జాతికి చెందిన చిన్న గుల్లలు దొరుకుతాయి. వాటిలోని మాంసం తినటానికి రుచిగా ఉంటుంది. 1981లో దాన్ని విదేశాలకు పంపటం మొదలుపెట్టారు. డబ్బు వస్తున్నకొద్దీ ఎక్కువెక్కువ తీశారు. 1991లో ఏడాదికి 10,000 టన్నులదాకా వచ్చాయి. 1993 వచ్చేసరికి అందులో సగమే దొరికాయి.

అప్పుడు అక్కడి జాలరులూ, శాస్త్రజ్ఞులూ, అధికారులూ కలిసి కూర్చుని ఆలోచించారు. మూడు నియమాలు పెట్టుకున్నారు. గుల్లలు పిల్లలు పెట్టే డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా సరస్సుకు సెలవు. వల కన్ను 30 మిల్లీమీటర్ల కంటె చిన్నదిగా ఉండరాదు. కిలో మాంసానికి 1,400 గుల్లల కంటె ఎక్కువ తూగితే అవి మరీ లేతవి కనక, ఎగుమతికి తీసుకోరాదు. మూడో నియమం చాలా తెలివైనది. లేత గుల్లలకు కొనేవాడే లేకపోతే వాటిని తీసేవాడు ఎందుకు తీస్తాడు? ఈ నియమాల వల్ల గుల్లలు మళ్ళీ పెరిగాయి. 2014లో అష్టముడి గుల్లల వేటకు, సముద్రాన్ని పాడుచెయ్యకుండా పట్టినవని చెప్పే అంతర్జాతీయ ధ్రువపత్రం వచ్చింది. మన దేశంలో అటువంటిది పొందిన మొదటి వేట అదే. ఆ గుల్లల పని మీద అప్పట్లో సుమారు 3,000 మంది బతికేవారు. నియమాలు పెట్టేటప్పుడు జాలరులు కూడా అక్కడ ఉన్నారు కనక, వాటిని దొంగచాటుగా తప్పాలనే బుద్ధి వారికి తక్కువ. తమ పెరటి చెట్టుకు తామే కంచె వేసుకున్నట్టు.

మనం పడవలు నడపం, చట్టాలు చెయ్యం. అయినా చేపలు కొనేది మనమే. అష్టముడి మూడో నియమం మన చేతుల్లో కూడా ఉన్నది. కేరళ ప్రభుత్వం ఏ చేప ఎంత పొడుగుంటే పట్టవచ్చునో 2015లో నిర్ణయించింది. కానాగంత 14 సెంటీమీటర్లన్నా ఉండాలి, నూనె కవ్వలు 10 సెంటీమీటర్లన్నా ఉండాలి. మీ లెక్కల పెట్టెలో ఉండే స్కేలు పొడుగు 15 సెంటీమీటర్లు. ఈసారి మీ ఇంటికి కానాగంతలు వస్తే ఆ స్కేలు పక్కన పెట్టి చూడండి. చేప పొట్టిగా ఉంటే, "ఇంత చిన్నవి మాకు వద్దు, పెద్దవి తెస్తే కొంటాం," అని మీ పెద్దవాళ్ళచేత చెప్పించండి. నిజంగానే పెద్దవి తెచ్చిననాడు మాత్రం గీసి గీసి బేరమాడవద్దని కూడా వాళ్ళకు చెప్పండి. చిన్న చేపను వదిలిపెట్టి వచ్చినవాడికీ, దాన్ని కొననని చెప్పి వచ్చిన ఆమెకూ ఆ రోజు గంప కాస్త తేలికగానే ఉంటుంది. ఆ తరుగు వాళ్ళొక్కరే భరించటం న్యాయం కాదు.